చలికాలంలో చింపాంజీలు ఉండే లోపలి గది మంచిదో కాదో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లో ఒక జూకి కుటుంబంతో వెళ్లారు. బయట గడ్డి, చెట్లు ఉన్న దీవి ఖాళీగా ఉంది. చింపాంజీలన్నీ లోపల సిమెంటు గోడల హాల్లో, తాళ్ల మీదా ఇనుప మంచెల మీదా కూర్చుని ఉన్నాయి. "ఇంత తెలివైన జంతువుని ఇలాంటి గదిలో పెట్టడం సబబేనా? మంచి గదికీ చెడ్డ గదికీ తేడా మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

నేను ఇంగ్లండ్‌లోనే చాలా ఏళ్లుగా చింపాంజీల కీపర్‌గా పనిచేస్తున్నాను. ముందు సూటిగా చెప్పేస్తాను. గది అడవిలా కనిపిస్తోందా లేదా అన్నది పక్కన పెట్టండి. గొడవ వచ్చినప్పుడు ఒక చింపాంజీ ఇంకోదాని కంటపడకుండా వెళ్లిపోగలదా అన్నదే అసలు పరీక్ష. అందుకు మూడు చూడాలి: పైన ఎంత ఎత్తుంది, ఎన్ని తలుపులున్నాయి, నేల మీద ఏముంది. ఈ మూడూ బాగుంటే గోడలు బోసి సిమెంటువైనా ఆ గదిలో చింపాంజీలు బతకగలవు. ఇవి బాగాలేకపోతే గోడ మీద ఎంత అందంగా అడవి బొమ్మ వేసినా అది మనకోసం వేసిందే, వాటికి దానితో పనిలేదు.

లోపలి గది గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చలికాలంలో ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. సాయంత్రం లోపలికి వచ్చిన చింపాంజీ మర్నాడు పొద్దుటి దాకా లోపలే. వానో, గడ్డకట్టే చలో ఉంటే పగలు కూడా అంతే. తలుపు తెరిచి పెట్టినా గడప దగ్గర కాసేపు కూర్చుని, బయటికి చూసి, వెనక్కి వచ్చేస్తాయి. ఏడాది మొత్తం లెక్కేస్తే వాటి జీవితంలో సగానికి పైగా పైకప్పు కిందే గడుస్తుంది. అయినా జనం గుర్తుపెట్టుకునేదీ, ఫొటో తీసేదీ బయటి దీవినే. చెస్టర్ జూలో 1950ల్లోనే చింపాంజీలకు ఈత రాదన్న సంగతిని ఆధారం చేసుకుని, కటకటాలకు బదులు చుట్టూ నీటి కందకం ఉన్న దీవుల మీద వదిలారు. అది నిజంగా గొప్ప మార్పు. కానీ ఆ తర్వాత చాలాచోట్ల డబ్బూ ఆలోచనా అంతా బయటి స్థలానికే పోయింది. లోపలి గది మాత్రం రాత్రికి తోలిపెట్టే కొట్టంగానే ఉండిపోయింది.

ఇక తప్పుకునే దారి సంగతి. అడవిలో చింపాంజీల గుంపు పెద్దదే, కొన్నిచోట్ల వందకు పైగా ఉంటాయి. కానీ అన్నీ ఒకచోట ఉండవు. పొద్దున మూడు ఒక అత్తిచెట్టు దగ్గరికి పోతే, నాలుగు ఇంకోవైపు పోతాయి. ఒక తల్లి బిడ్డనేసుకుని రోజుల తరబడి విడిగా తిరుగుతుంది. మళ్లీ కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. పొట్లాట జరిగితే ఓడినది కొన్నాళ్లు ఆ చుట్టుపక్కలకే రాదు. గుంపులో శాంతి నిలిచేది చాలావరకు ఈ విడిపోవడం వల్లే. మనం వాటిని ఒక హాల్లో పెట్టి తలుపు వేశామంటే ముందుగా తీసేసుకున్నది దాన్నే.

అయినా అవి చేతులు ముడుచుకుని కూర్చోవు. నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ నగరంలో బర్గర్స్ జూ 1971లో పెద్ద బయటి స్థలంతో చింపాంజీ కాలనీ మొదలుపెట్టింది. చలికాలమంతా ఆ గుంపు లోపలి హాల్లో ఉండేది. ఆ హాలు బయటి స్థలంలో దాదాపు ఇరవయ్యో వంతు. చింపాంజీల ప్రవర్తనను పరిశోధించిన ఫ్రాన్స్ డి వాల్, ఆయన సహచరుడు ఒకరు రెండు కాలాల్లోనూ గుంపు ప్రవర్తనను పోల్చి 1982లో ప్రచురించారు. స్థలం అంత తగ్గితే రక్తపాతం జరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. గొడవలు పెరిగాయి కానీ రెట్టింపు కూడా కాలేదు. దానితోపాటు ఒకదాని వెంట్రుకలు ఒకటి వెతికి శుభ్రం చేయడం, పెద్దదానికి వంగి దండం పెట్టినట్టు చేయడం కూడా పెరిగాయి. అంటే ఇరుకులో ఉన్నప్పుడు అవి ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఒకదాన్నొకటి మంచి చేసుకుంటూ బతుకుతాయి. ఈ ఫలితాన్ని కొందరు "చూశారా, ఇరుకైనా ఫర్వాలేదు" అని వాడుకుంటారు. నేను ఒప్పుకోను. సర్దుకుపోగలగడం వేరు, సుఖంగా ఉండటం వేరు. నెలల తరబడి జాగ్రత్తగా మెలగాల్సి రావడం కూడా టెన్షనే.

అదే ఆర్నెమ్‌లో 1980లో జరిగింది మా వృత్తిలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోలేరు. లూయిట్ అనే మగదాని మీద ఇంకో రెండు మగవి, యెరూన్, నిక్కీ, రాత్రిపూట పడుకునే గదుల్లో దాడి చేశాయి. పొద్దున కీపర్లు వచ్చేసరికి అది రక్తపు మడుగులో ఉంది. ఆపరేషన్ చేసినా దక్కలేదు. ఆ మగవాటిని రాత్రిపూట విడదీద్దామని చూస్తే అవే ఒకదాన్నొకటి వదిలి విడిగా పడుకోవడానికి ఇష్టపడేవి కావు. కాబట్టి తప్పంతా గదిదే అనను. అధికారం కోసం పోరు ముదిరినప్పుడు ఏ గదీ పూర్తి రక్షణ కాదు. కానీ బయట అంత స్థలం ఉన్న జూలో ఆ దాడి జరిగింది రాత్రి గదుల్లోనే. అవకాశం ఉన్నంతలో తప్పుకునే దారిని మనం ఇవ్వాలి.

అందుకే తలుపులు లెక్కపెట్టమంటాను. ఒకే తలుపున్న గదిలోకి బలమైనది వచ్చి గుమ్మంలో కూర్చుంటే లోపలున్నది చిక్కుకుపోయినట్టే. ప్రతి గదికీ కనీసం రెండు దారులు, అవీ ఎదురెదురుగా, ఒకటి కింద ఒకటి పైన ఉంటే మరీ మంచిది. గదులన్నీ చుట్టు తిరిగి మళ్లీ మొదటి గదికి వచ్చేలా కలిసి ఉండాలి. ఎక్కడా దారి మూసుకుపోయే మూల ఉండకూడదు.

మా దగ్గర ఒక చిన్న వయసు తల్లి ఉండేది. గుంపులో దాని మాట చెల్లేది కాదు. మొదటి కాన్పు తర్వాత పడుకునే గదుల్లోకి రావడమే మానేసింది, రెండు గదుల మధ్య తలుపు దగ్గర బిడ్డనెత్తుకుని కూర్చునేది. తిండి పెట్టినా అక్కడి నుంచి కదిలేది కాదు. మొండికేస్తోందని కొందరన్నారు. కానీ ఎటు నుంచి ఎవరొచ్చినా రెండో వైపు పోగలిగే చోటు ఆ భవనం మొత్తంలో అదొక్కటే. పడుకునే గదుల్లో చివరిదానికి పైభాగంలో ఒక చిన్న కిటికీ లాంటి దారి కోయించి పక్క హాలుకి కలిపాక కొన్ని వారాల్లో అది మామూలుగా లోపలికి వచ్చి గడ్డిలో పడుకోవడం మొదలుపెట్టింది. గుంపులో వేళ్లకీ చెవులకీ అయ్యే గాట్లు కూడా తగ్గాయి. గోడకి ఒక రంధ్రం, ఒక జారుడు తలుపు, అంతే ఖర్చు.

షికాగోలోని లింకన్ పార్క్ జూలో పరిశోధకులు చింపాంజీలు గదిలో ఎక్కడెక్కడ గడుపుతాయో నమోదు చేశారు. అవి తలుపుల దగ్గర, మూలల్లో, ఇనుప జాలీల పక్కన ఎక్కువగా ఉన్నాయని తేలింది. నడిమధ్య ఖాళీ నేల వాటికి పెద్దగా పట్టదు. మేం రోజూ చూసేదీ ఇదే. కాబట్టి మీరు చూసిన హాలు విస్తీర్ణం ఎంతన్నది ఒక్కటే చూస్తే మోసపోతారు.

విస్తీర్ణం అక్కర్లేదని కాదు. అమెరికా జూల సంఘం 2010 మాన్యువల్ ప్రకారం ఐదు లేదా అంతకన్నా తక్కువ చింపాంజీలకు లోపల కనీసం 2,000 చదరపు అడుగులు, 20 అడుగుల ఎత్తు ఉండాలి. ఆపైన ఒక్కో చింపాంజీకి ఇంకో 1,000 చదరపు అడుగులు కలపాలి. 2,000 అడుగులంటే హైదరాబాద్‌లో ఒక పెద్ద త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంత. ఐదు పెద్ద జంతువులకు అది నా దృష్టిలో చాలా తక్కువ, ఎత్తు లేకపోతే మరీ తక్కువ.

ఎత్తు ఎందుకంటే చింపాంజీ ప్రతి సాయంత్రం చెట్టు మీద కొమ్మలు వంచి, ఆకులు పరిచి కొత్త పక్క వేసుకునే జంతువు. కింద నేల మీద పడుకోవడం దానికి ఇష్టం ఉండదు. పైన అది ఎక్కితే భద్రంగా ఉన్నాననుకుంటుంది, చూసేవాళ్ల తలల కంటే పైనుంటే ఇంకా ధైర్యం. మీరు చూసిన ఇనుప మంచెలు అందంగా ఉండవు, ఒప్పుకుంటాను. కానీ వాటిని వేర్వేరు ఎత్తుల్లో, ఒకదాని నుంచి ఒకటి కనపడకుండా పెడితే ఒకే హాలు నాలుగైదు చోట్లుగా విడిపోతుంది. పాత ఫైర్ ఇంజన్ల గొట్టాలను అల్లి ఊయలలు చేసి వేలాడదీస్తాం. అవి తెగవు, కడగడం తేలిక, ఎక్కితే కొమ్మలా ఊగుతాయి. ఈ ఊగడం ముఖ్యం. కదలని ఇనుప చట్రం మీద ఎక్కి దిగడం వేరు, బరువుకి వంగే దాని మీద ఆచితూచి అడుగేయడం వేరు.

సాయంత్రం పక్కకోసం ఎండుగడ్డి, చెక్క నార, అట్టపెట్టెలు, ఆకుల కొమ్మలు ఇస్తాం. మీరు సాయంత్రం దాకా ఉండగలిగితే, చింపాంజీ ఒళ్లో గడ్డి కుప్ప పట్టుకుని మంచె ఎక్కుతోందేమో చూడండి. పక్క వేసుకోవడానికి సరుకు సమృద్ధిగా దొరకడం ఆ జూలో శ్రద్ధ ఉందనడానికి మంచి గుర్తు. చిన్నప్పుడే తల్లి నుంచి వేరుచేసి మనుషులు పెంచిన కొన్నిటికి పక్క అల్లుకోవడం సరిగా రాదు. వాటికి కూడా రోజూ ఇస్తూ ఉండాల్సిందే, పక్కనున్నవాటిని చూసి కొంతైనా నేర్చుకుంటాయి.

నేల గురించి పాత ఆలోచన ఏమిటంటే, సిమెంటు వేసి, రోజూ పైపుతో కడిగి, మందు చల్లితే శుభ్రం. మా ముందు తరం కీపర్లు అలాగే నేర్చుకున్నారు. తడి సిమెంటు మీద కూర్చోలేక జంతువులు గంటల తరబడి పైనే ఉండిపోయేవి, కింద వాటికి చేసే పనీ ఉండేది కాదు. 1982లో స్కాట్లండ్‌లో చమోవ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఎనిమిది జాతుల ప్రైమేట్లకు (కోతుల వర్గపు జంతువులకు) నేలంతా మందంగా చెక్క ముక్కలు పరిచి చూశారు. వాటిలో గింజలు చల్లితే జంతువులు వెతుక్కుంటూ కింద ఎక్కువసేపు గడిపాయి, కొట్లాటలు తగ్గాయి. ఆ పరుపు పాతబడే కొద్దీ హానికర బ్యాక్టీరియాను అణిచేయడం కూడా చూశారు. కడగకపోతే రోగాలొస్తాయన్న భయానికి అది సరైన జవాబు.

మా హాల్లో ఇప్పుడు బెరడు ముక్కలు మోకాలి దాకా ఉంటాయి. రోజూ మలం ఉన్నచోట పారతో తీసేస్తాం, అప్పుడప్పుడు తిరగేస్తాం, కింద నీరు దిగిపోయే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు లేకుండా ఊరికే సిమెంటు మీద బెరడు పోస్తే నాలుగు రోజుల్లో కంపు కొడుతుంది. పొద్దుతిరుగుడు గింజలు చల్లితే పొద్దుటి పూట అంతా వేళ్లతో కెలుకుతూనే ఉంటాయి. ఇంకో లాభం ఎవరూ చెప్పరు: చప్పుడు. మగ చింపాంజీ వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఇనుప తలుపుని కాళ్లతో బాదుతుంటే బోసి సిమెంటు హాల్లో ఆ మోత గుండెల్లో దడ పుట్టిస్తుంది. బిడ్డ తల్లులు వణికిపోతాయి. బెరడు నేల, పైకప్పుకి శబ్దం పీల్చే పలకలు పెట్టాక అదే బాదుడు సగం మోతతో ఆగిపోతుంది.

గాలి, వెలుతురు సంగతి సందర్శకుడికి కనిపించదు కాబట్టి కొంచెం చెప్తాను. మామూలు గాజు ఎండని రానిస్తుంది కానీ చర్మంలో విటమిన్ డి తయారు చేసే అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది. గాజు గదిలో వెలుగు పుష్కలంగా ఉన్నా లోపలే పెరిగే పిల్ల చింపాంజీకి ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోవచ్చు, అచ్చం మనిషి పిల్లలకి రికెట్స్ వచ్చినట్టే. అందుకే ఆ కిరణాలను రానిచ్చే పైకప్పు పలకలు, ప్రత్యేక దీపాలు, తిండిలో విటమిన్ డి3 ఇస్తారు. చలికాలంలో కాస్త ఎండ వచ్చినా మేం తలుపు తీసేది ఇందుకే. "చలిగా ఉంది కదా, పాపం తలుపెందుకు తీశారు" అని సందర్శకులు అడుగుతారు. వెళ్లాలో వద్దో అవే తేల్చుకోవాలి కాబట్టి తీస్తాం. లోపల 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే, ఐదు నిమిషాలు బయట తిరిగి వచ్చినా ఏమీ కాదు.

గాలి మారకపోతే జలుబు ఒకదాని నుంచి ఇంకోదానికి చుట్టేస్తుంది. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు. 2013లో ఉగాండాలోని కిబాలే అడవిలో కన్యవారా గుంపులో మనుషులకు జలుబు తెచ్చే రైనోవైరస్ సి వల్ల ఐదు చింపాంజీలు చనిపోయాయి. అది బయట, చెట్ల మధ్య. మూసిన గదిలో ఇంకెంత జాగ్రత్త కావాలో ఆలోచించండి. మేం మాస్కు లేకుండా వాటి తిండి ముట్టుకోం, దగ్గు ఉన్నవాళ్లు ఆ రోజు ఆ విభాగంలోకి రారు. సందర్శకుల వైపు పూర్తిగా గాజు ఉండటానికి ఒక కారణం ఇదే.

అగ్నిప్రమాదం గురించి చెప్పకుండా ఉండలేను. 2020 కొత్త సంవత్సరం రాత్రి జర్మనీలోని క్రేఫెల్డ్ జూలో ఎవరో ఎగరేసిన ఆకాశదీపాలు కోతుల భవనం మీద పడి మొత్తం కాలిపోయింది. 30కి పైగా జంతువులు చనిపోయాయి. ఒరాంగుటాన్లు, గొరిల్లాలు, ఒక చింపాంజీ కూడా పోయాయి. బాలీ, లింబో అనే రెండు చింపాంజీలు మాత్రం బతికి బయటపడ్డాయి. ఆ వార్త చదివిన రోజు నేను మా భవనం పైకప్పు దేనితో చేసిందో, రాత్రిపూట బయటికి తలుపు ఎలా తెరుచుకుంటుందో కాగితాలు తెప్పించుకుని చూశాను. తలుపులు అన్నీ లోపలి నడవా నుంచే తెరవాల్సి వస్తే పొగ నిండాక ఏ కీపరూ చేరలేడు. బయట నుంచి కూడా లాగగలిగేలా ఉండాలి.

బాగా కట్టిన వాటి ఉదాహరణ కావాలంటే ఎడిన్‌బరో జూలోని బుడొంగో ట్రెయిల్ చూడండి. ఉగాండాలోని బుడొంగో అడవి పేరు మీద 2008లో తెరిచారు, సుమారు 40 చింపాంజీలు పట్టేలా కట్టారు. ఒకే పెద్ద హాలు కాకుండా మూడు పెద్ద హాళ్లు సొరంగ దారులతో కలిసి ఉంటాయి, బయటికీ దారి ఉంటుంది. 2010లో నెదర్లాండ్స్‌లోని బీక్సే బెర్గెన్ సఫారీ పార్కు నుంచి ఇంకో గుంపు వచ్చినప్పుడు ఈ విడివిడి హాళ్లే పనికొచ్చాయి. తెలియని పెద్ద చింపాంజీలను ఒకే గదిలో కలపడమంటే ప్రాణాలతో చెలగాటం. ఆ గుంపు ఆపిల్ కనిపిస్తే చేసే కూత మూడేళ్లలో ఎడిన్‌బరో గుంపు కూతకి దగ్గరైందని కూడా పరిశోధకులు రాశారు. అంతగా కలిసిపోయాయి. జర్మనీలో లైప్‌జిగ్ జూ 2001లో తెరిచిన పొంగోలాండ్ అనే చింపాంజీ, గొరిల్లాల ఆవరణ ఇంకా పెద్దది. అలాంటివి కట్టడానికి డబ్బు ప్రతి జూ దగ్గరా ఉండదు, కానీ హాలుని విడగొట్టి కలపడమనే సూత్రానికి అంత డబ్బు అక్కర్లేదు.

మీరు చూసిన చింపాంజీల్లో ఏదైనా ముందుకీ వెనక్కీ ఊగుతూ కనిపించిందా, చేతుల మీద వెంట్రుకలు పీక్కుందా, తిన్నది కక్కి మళ్లీ తిందా? ఇవి మంచి గుర్తులు కావు. అయితే ఒక్కసారి చూసి గది చెడ్డదని తీర్పు ఇవ్వకండి. 2011లో బర్కెట్, న్యూటన్-ఫిషర్ అనే పరిశోధకులు బ్రిటన్, అమెరికాల్లోని ఆరు గుర్తింపు ఉన్న సంస్థల్లో 40 చింపాంజీలను గమనించారు. అన్నిటిలోనూ ఏదో ఒక అసహజ ప్రవర్తన కనిపించింది. మంచి జూలలో ఉన్నవే. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన ఫలితం ఇది. ఎంత బాగా కట్టినా లోపలి గది ఆ జంతువుకి సరిపోదని నేను నిజంగా నమ్ముతాను. కానీ ఇప్పుడు జూలలో ఉన్నవాటిలో చాలావరకు అక్కడే పుట్టినవి. వాటిని తీసుకెళ్లి అడవిలో వదిలేయడం కుదరదు, అక్కడి గుంపులు పరాయివాటిని చంపేయవచ్చు. కాబట్టి సబబేనా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం: కొత్తగా చిన్న, పాత పద్ధతి గదుల్లో పెట్టడం సబబు కాదు. ఉన్నవాటికి రోజూ గది మెరుగుచేస్తూ పోవడం మా బాధ్యత. సరిపోయే స్థలం కట్టలేని జూ చింపాంజీలను ఉంచుకోకూడదు.

మన దగ్గర ఎలా అని కూడా చాలామంది అడుగుతారు. హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో సుజీ అనే ఆడ చింపాంజీ ఉండేది, 2022లో చనిపోయింది. అక్కడ సమస్య చలి కాదు, మే నెల ఎండ. లోపలి గది చల్లగా, గాలి ఆడేలా ఉండటం ముఖ్యం. కానీ చింపాంజీకి ఇంకో చింపాంజీ తోడు లేకపోతే కూలర్లూ ఏసీలూ ఆ లోటు తీర్చలేవు. కీపర్లు ఎంత ప్రేమగా చూసినా వాళ్లు సాయంత్రం ఇంటికి వెళ్లాల్సినవాళ్లే. భారతదేశంలో ఎక్కడైనా కొత్తగా చింపాంజీలను తెస్తామంటే, నేనైతే ముందు అడిగేది ఎన్నిటిని తెస్తున్నారని, తర్వాతే గది గురించి.

ఈసారి వెళ్లినప్పుడు కీపర్ మాట్లాడే సమయం బోర్డు మీద చూసుకుని ఆ వేళకి ఉండండి. ఈ నాలుగు అడగండి: రాత్రి గదులకి ఒక్కోదానికి ఎన్ని తలుపులు? చలికాలంలో రోజుకి ఎంతసేపు బయటికి తలుపు తెరిచి ఉంచుతారు? పడుకునే పక్క వేసుకోవడానికి రోజూ ఏమిస్తారు? గుంపులో బలహీనమైనది ఎక్కడ పడుకుంటుంది? చివరి ప్రశ్నకి కీపర్ పేరుపెట్టి, చోటు చూపించి జవాబు చెబితే ఆ గుంపుని బాగా ఎరిగినవాళ్లు చూసుకుంటున్నారని అర్థం. అలాగే పిల్లలను గాజు మీద కొట్టనివ్వకండి. లోపల ఆ చప్పుడు మీరు అనుకునేదానికంటే చాలా పెద్దగా వినిపిస్తుంది.